రాజపాళయపు తెలుగు బిడ్డ: పూసపాటి కుమారస్వామి రాజా గారి జీవితము



తెలుగు దేశము విడిచి వచ్చి తమిళ దేశములో స్థిరపడిన మన కుటుంబములలో ఒక మాట తరచుగా వినబడుచుండును. ఇక్కడ మనమెవరము, ఈ ఊరి మంచి చెడ్డలలో మనకెంత భాగమున్నది అని పెద్దలు అడుగుదురు. పిల్లలు తమిళములో చదువుకొని తమిళములోనే కలలు కనుచున్నప్పుడు ఆ ప్రశ్న మరింత బరువగును. ఈ సంచికలో ఆ ప్రశ్నకు తన బ్రతుకుతో ఒక జవాబు చెప్పిన పెద్దమనిషిని గూర్చి వ్రాయుచున్నాము. ఆయన మన సంఘములవాడు కాడు, మన మతస్థుడును కాడు. అయినను ఇంట తెలుగు మాటలాడుచు, తమిళ దేశములో పుట్టి, అవిభక్త మద్రాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రియై, చివరకు తన ఇంటినే ఊరికి ఇచ్చివేసిన మనిషి. ఆయనే పి. ఎస్. కుమారస్వామి రాజా గారు.

పుట్టిన ఊరు, పెరిగిన తీరు

సేత్తూరు నుండి ఉత్తరముగా కొద్ది మైళ్లు పోయిన యెడల రాజపాళయము వచ్చును. పడమర దిక్కున కొండలు, ఆ కొండల నుండి దిగు వాగులు, వాటి క్రింద చెరువులు, చెరువుల క్రింద వరి, మెట్ట మీద ప్రత్తి. ఈ నేలకు విజయనగర కాలము తరువాతి శతాబ్దములలో తెలుగు రాజుల కుటుంబములు వచ్చి స్థిరపడినవి. రాజుల పాళయము గనుకనే ఆ ఊరికి ఆ పేరు. తరములు గడచినను వారు ఇంటిలో తెలుగు విడువలేదు, ఇంటిపేర్లును విడువలేదు. తమిళుల వాడుకలో పేరుకు ముందుండు అక్షరము సాధారణముగా తండ్రి పేరును గాని ఊరి పేరును గాని తెలుపును. కుమారస్వామి రాజా గారి పేరులోని మొదటి అక్షరము మాత్రము పూసపాటి అను ఇంటిపేరు. విజయనగరము సంస్థానాధీశుల ఇంటిపేరును అదే. రెండవ అక్షరము సంజీవి.

ఆయన 1898వ సంవత్సరము జూలై 8వ తేదీన రాజపాళయములో జన్మించారు. పుట్టిన కొద్ది దినములకే తల్లి చనిపోయినది. పసితనము తీరకముందే తండ్రియు పోయెను. నాయనమ్మ ఆ బిడ్డను పెంచినది. ఆస్తి కలిగిన ఇల్లే గాని తల్లి ఒడి, తండ్రి చెయ్యి లేని ఇల్లు. ఆ రోజులలో రాజపాళయము తిరునల్వేలి జిల్లాలో ఉండెడిది. 1910లో రామనాథపురము జిల్లా ఏర్పడినప్పుడు ఈ భాగము దానిలో కలిసినది. 1985 నుండి ఇది విరుదునగర్ జిల్లాలో ఉన్నది. జిల్లా పేరు మారినను ఊరి బాధలు మారవు గదా. నీటి తగువులు, కులముల కట్టుబాట్లు, కల్లు దుకాణములు, అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడిన పేటలు. ఆయన కన్నులు తెరచి చూచిన లోకము ఇదియే.

దేశ సేవలో

అనిబిసెంటు గారి హోమ్‌రూలు ఉద్యమము, సత్యమూర్తి గారి ఉపన్యాసములు, అన్నిటికంటె ఎక్కువగా గాంధీ గారి మాట ఆయనను కదిలించినవి. ఖద్దరు కట్టారు. ఆ ఖద్దరును చివరి వరకు విడువలేదు. కలిగిన ఇంటి యువకుడు సర్కారు పక్షమున చేరి బిరుదులు సంపాదించుకొనుట ఆ కాలపు ఆచారము. ఆయన ఆ దారిని పట్టక సత్యాగ్రహపు దారిని పట్టారు. శాసనోల్లంఘన ఉద్యమ కాలములోను, ఆ తరువాత యుద్ధకాలపు ఉద్యమములలోను చెరసాలకు వెళ్లారు.

1934లో ఆయన ఢిల్లీలోని కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1937లో మద్రాసు శాసనసభకు వచ్చారు. రాజాజీ గారు ప్రధానిగా ఉన్న ఆ సభ చేసిన రెండు పనులను మనము జ్ఞాపకముంచుకొనవలెను. 1938లో పౌర అనర్హతల తొలగింపు చట్టము వచ్చినది. దళిత నాయకుడు ఎం. సి. రాజా గారు తెచ్చిన ఆ చట్టము వలన బావి, రోడ్డు, సత్రము వంటి సార్వజనిక స్థలములలో అంటరానితనము చూపుట నేరమైనది. 1939లో ఆలయ ప్రవేశమును గూర్చిన చట్టము వచ్చినది. మదురలో మీనాక్షి గుడి తలుపులు దళితులకు తెరువబడినదియు ఆ సంవత్సరమే. గుడి మనది కాకపోయినను బావి అందరిది. ఆ బావి దగ్గర నిలువబెట్టబడి నీళ్లు పోయబడిన దినములు మన తాత ముత్తాతలలో అనేకులకు తెలియును. కనుక ఆ చట్టములు మనకు పరాయివి కావు.

యుద్ధము ముగిసిన తరువాత 1946లో టంగుటూరి ప్రకాశము పంతులు గారు ప్రధానియైనప్పుడు కుమారస్వామి రాజా గారు మంత్రివర్గములో చేరారు. పంతులు గారి తరువాత ఓమందూరు రామస్వామి రెడ్డియార్ గారు వచ్చారు. ఆయనయు తమిళ దేశములో పుట్టిన తెలుగు మూలముల రెడ్డియారే. మద్యపాన నిషేధము రాష్ట్రమంతట అమలులోకి వచ్చినది ఆయన కాలములో, 1948 అక్టోబరు 2వ తేదీన. అయితే పార్టీలో తగవులు పెరిగి ఆయన దిగిపోవలసి వచ్చినది. అప్పుడు తమిళనాడు కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉన్న కామరాజు గారు, తమ జిల్లావాడేయైన కుమారస్వామి రాజా గారి పక్షమున నిలిచారు. 1949 ఏప్రిల్ 6వ తేదీన రాజా గారు మద్రాసు ప్రధాని అయ్యారు. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలులోకి రాగా ఆ పదవి పేరు ముఖ్యమంత్రిగా మారినది.

మూడు సంవత్సరముల భారము

ఆ రాష్ట్రము ఎంత పెద్దదో నేటి పిల్లలు ఊహించలేరు. శ్రీకాకుళము నుండి కన్యాకుమారి సరిహద్దుల వరకు, ఇటు మలబారు, దక్షిణ కన్నడము వరకు ఒకే సర్కారు. తెలుగు, తమిళము, మలయాళము, కన్నడము, నాలుగు భాషలవారు ఒకే సభలో కూర్చుండిరి. ఐదు కోట్లకు పైగా జనము. బెజవాడ గోపాలరెడ్డి గారు, తరువాతి కాలములో రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారు, కళా వెంకటరావు గారు, ఎం. భక్తవత్సలము గారు ఆయన మంత్రివర్గములో ఉన్నారు.

జమీందారీల రద్దు చట్టము 1948లో సభలో ఆమోదింపబడి 1949లో అమలుకు వచ్చినది. దానిని ఊరూరా ఆచరణలో పెట్టవలసిన పని రాజా గారి సర్కారు మీద పడినది. సేత్తూరు ఒకప్పుడు పాళెగాళ్ల ఊరు, తరువాత జమీను. ఇటువంటి జమీనులలో దున్నువాడు ఒకడు, పన్ను తీసికొనువాడు ఒకడు, మధ్యలో సర్కారు. ఆ చట్టముతో రైతుకును సర్కారుకును నడుమ ఉన్న మెట్టు తీసివేయబడినది. ఇది ఒక్క దినములో జరిగిన పని కాదు. సర్వేలు, పరిహారములు, కోర్టు వ్యాజ్యములు, ఇవన్నియు ఏండ్ల తరబడి సాగినవి. భూమి లేని కూలివానికి ఈ చట్టము వలన భూమి రాలేదన్నదియు నిజమే. మన జనులలో అధికులు ఆ కూలివారే గనుక ఈ మాట చెప్పక దాటరాదు.

1951లో హిందూ మత ధర్మాదాయముల చట్టము వచ్చినది. గుడుల భూములు, ఆదాయములు ఎవరి చేతిలో ఎట్లు ఖర్చగుచున్నవో సర్కారు చూచుటకు ఒక శాఖ ఏర్పడినది. దానిలోని కొన్ని సెక్షన్లను 1954లో సుప్రీంకోర్టు కొట్టివేయగా, 1959లో క్రొత్త చట్టము చేయవలసి వచ్చినది. అయినను ధర్మమునకు ఇచ్చిన ఆస్తికి లెక్క చెప్పవలెనన్న సూత్రము నిలిచినది. ఆ సూత్రము గుడికి మాత్రమే చెందినది కాదు.

పదునాలుగు సీట్ల లెక్క

ఆయన కాలములో జరిగిన ఒక సంగతి మన ఇండ్లలోని చదువులకు నేరుగా సంబంధించినది. మద్రాసు రాష్ట్రములో జస్టిసు పార్టీ దినముల నుండి ఉద్యోగములకు, తరువాత కళాశాలలలో చేరికకు ఒక సామాజిక లెక్క ఉండెను. దానిని కమ్యూనల్ జీ.వో. అనేవారు. వైద్య, ఇంజనీరింగు కళాశాలలలో ప్రతి 14 సీట్లలో 6 బ్రాహ్మణేతర హిందువులకు, 2 వెనుకబడిన హిందువులకు, 2 బ్రాహ్మణులకు, 2 హరిజనులకు, 1 ఆంగ్లో ఇండియనులకును భారతీయ క్రైస్తవులకును కలిపి, 1 ముస్లిములకు.

రాజ్యాంగము వచ్చిన వెంటనే ఈ లెక్క సమానత్వమునకు విరుద్ధమని చంపకము దొరైరాజన్ అను ఆమెయు, ఇంజనీరింగు సీటు కోరిన మరియొక విద్యార్థియు కోర్టుకు వెళ్లారు. 1950లో మద్రాసు హైకోర్టు ఆ ఆజ్ఞను కొట్టివేసినది. రాజా గారి సర్కారు సుప్రీంకోర్టుకు అప్పీలు చేసినది. 1951 ఏప్రిల్‌లో అక్కడను ఓడిపోయినది. తమిళ దేశములో పెద్ద అలజడి లేచినది. పెరియార్ గారు వీధులలో ఉద్యమము నడిపించగా, కామరాజు గారు ఢిల్లీలో నెహ్రూ గారికి పరిస్థితి వివరించారు. ఆ ఏడాది జూన్‌లోనే రాజ్యాంగమునకు మొదటి సవరణ వచ్చి, సామాజికముగాను విద్యలోను వెనుకబడినవారికి ప్రత్యేక ఏర్పాట్లు చేయు అధికారము సర్కారులకు లభించినది. నేడు దేశమంతట కళాశాలలలో ఉన్న రిజర్వేషన్లకు పునాదియైన నియమము, రాజా గారి సర్కారు ఓడిపోయిన ఆ వ్యాజ్యము నుండి పుట్టినది.

అదే కాలములో, 1950 ఆగస్టులో, షెడ్యూల్డు కులములను గూర్చిన రాష్ట్రపతి ఉత్తరువు వచ్చినది. హిందూ మతములో లేనివారిని ఆ జాబితాలో చేర్చరాదని అందులో ఉన్నది. కొన్ని సిక్కు కులములకు మాత్రము అప్పుడే మినహాయింపు దొరికినది. 1956లో సిక్కులందరికి, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరువబడినది. క్రైస్తవులైన దళితులకు తెరువబడలేదు. ఆ ఉత్తరువు ఢిల్లీ నుండి వచ్చినదే గాని రాజా గారు చేసినది కాదు. అయినను ఆ రెండు సంగతులు ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టి చూడవలెను. ఒక లెక్క క్రింద మనవారికి దొరికిన చోటు పోయినది. క్రొత్త లెక్కలో మనవారికి చోటు దొరకలేదు. మన తల్లిదండ్రులలో అనేకులు చదువు కొరకును పని కొరకును ఊరు విడిచి ఎందుకు బయలుదేరిరో దీనివలన కొంత తెలియును.

నీడ పడిన దినములు

పెద్దవారి జీవితములు వ్రాయునప్పుడు మంచిని మాత్రమే వ్రాయుట సులభము. అట్లు వ్రాసిన యెడల అది వారికిని మేలు కాదు, మనకును మేలు కాదు. రాజా గారి సర్కారు కమ్యూనిస్టుల మీద కఠినముగా నడచినది. 1950 ఫిబ్రవరి 11న సేలము జైలులో కాల్పులు జరిగి 22 మంది ఖైదీలు చనిపోయారు. తానే చెరసాలలో ఉండి వచ్చిన సత్యాగ్రహి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, గోడల మధ్య చిక్కియున్న మనుష్యులు తుపాకులకు బలియైరి. అహింసను నమ్మిన వారి సర్కారుకు ఇది తుడువరాని మచ్చ.

ఆ సర్కారు చేసిన నిర్బంధముల మీదను నిషేధముల మీదను వేసిన వ్యాజ్యములే స్వతంత్ర దేశపు తొలి గొప్ప తీర్పులైనవి. ఏ. కె. గోపాలన్ గారి నిర్బంధపు వ్యాజ్యము 1950లో వ్యక్తి స్వేచ్ఛను గూర్చినది. అందులో సర్కారు గెలిచినది. క్రాస్‌రోడ్స్ అను పత్రిక మద్రాసులోనికి రాకుండ చేసిన ఆజ్ఞ మీద రమేశ్ థాపర్ గారు వేసిన వ్యాజ్యములో అదే సంవత్సరము పత్రిక గెలిచినది. ఒక సంఘమును చట్టవిరుద్ధమని ప్రకటించు అధికారము మీద వి. జి. రావు గారు వేసిన వ్యాజ్యములో 1952లో సంఘము గెలిచినది. మనవంటి చిన్న సంఘములు ఒకచోట కూడుకొని, ఒక చిన్న పత్రికను అచ్చువేసి పంచుకొనుట హక్కుగా నిలుచుటలో ఆ తీర్పులకు భాగమున్నది. అవి రాజా గారి సర్కారుకు విరోధముగా వచ్చిన తీర్పులే. మంచివారి చేతిలోని అధికారమునకు కూడ హద్దు కావలెనని వాటి వలన తెలిసికొనవచ్చును.

ఆంధ్ర రాష్ట్రపు ముడి

తెలుగువారమైన మనకు మిక్కిలి ఆసక్తి కలిగించు భాగము ఇది. 1949 చివర ఆంధ్ర రాష్ట్రమును వేరుచేయు పని ముందుకు వచ్చినది. విభజన సంఘమునకు అధ్యక్షుడు కుమారస్వామి రాజా గారు. సభ్యులలో ప్రకాశము పంతులు గారు, గోపాలరెడ్డి గారు, సంజీవరెడ్డి గారు, కళా వెంకటరావు గారు, భక్తవత్సలము గారు ఉన్నారు. ఆయన పరిస్థితిని ఆలోచించండి. ఇంట మాటలాడు భాష తెలుగు. పుట్టిన నేల, ఓటు వేసిన జనము, నిలబెట్టిన పార్టీ తమిళ దేశమువి. ఇరువురిలో ఎవరికి అనుకూలముగా మాటలాడినను రెండవవారు వేలు చూపుదురు.

సంఘము చాల విషయములలో ఏకాభిప్రాయమునకు వచ్చినది. మద్రాసు పట్టణము దగ్గర మాత్రము బండి ఆగినది. పంతులు గారు తమ అసమ్మతిని వేరుగా వ్రాసి ఇచ్చారు. దానితో ఆ ప్రయత్నము మూలబడినది. 1951లో స్వామి సీతారాము గారు నిరాహారదీక్ష చేశారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు గారు మద్రాసులోనే దీక్షలో ప్రాణము విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినది, మద్రాసు పట్టణము లేకుండ. రాజపాళయము, సేత్తూరు, కోవిల్‌పట్టి, సాత్తూరు ప్రాంతముల తెలుగువారు తమిళ దేశములోనే నిలిచిపోయారు. కొలుచుటకు వీలుగా గీత గీయబడునప్పుడు గీతకు ఇవతల మిగిలిపోవువారు ఎప్పుడును ఉందురు. రాజా గారు స్వయముగా అట్టివారిలో ఒకరు. ఆయన గీతను దాటి అటు పోవుటకు చూడలేదు.

ఓటమి, ఒడిస్సా, ఊరికి తిరుగు ప్రయాణము

ఆయన పాలించిన సంవత్సరములు వానలు తప్పిన సంవత్సరములు. బియ్యమునకు రేషను, ధాన్యమునకు లెవీ, రాయలసీమలో కరువు, గంజి కేంద్రములు. ఆకలిగొన్న జనము ఓటు వేయు దినము వచ్చినప్పుడు ఏమి చేయుదురో అదియే చేశారు. 1952 ఎన్నికలలో 375 స్థానములు గల సభలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చినవి. సంజీవరెడ్డి గారు, భక్తవత్సలము గారు ఓడిపోయారు. ముఖ్యమంత్రియైన కుమారస్వామి రాజా గారును తన సొంత ప్రాంతములోనే ఓడిపోయారు. ఏప్రిల్ 10వ తేదీన రాజాజీ గారు ఆ పదవిని చేపట్టారు.

ఓడిన తరువాత ఆయన అడ్డుదారిని పదవిలో నిలుచుటకు ప్రయత్నింపలేదు. 1954 ఫిబ్రవరిలో ఆయనను ఒడిస్సాకు గవర్నరుగా పంపించారు. అక్కడ ఆయనకు ముందు గవర్నరుగా ఉన్నది సయ్యద్ ఫజల్ అలీ గారు. భాషను బట్టి దేశమంతటి రాష్ట్రములను తిరిగి ఏర్పరచు సంఘమునకు అధ్యక్షత వహించుటకై ఆయన ఆ పదవి విడిచి వెళ్లారు. మద్రాసులో విభజన సంఘమునకు అధ్యక్షుడైన మనిషి, దేశ విభజనల సంఘమునకు అధ్యక్షుడైన మనిషి విడిచిన కుర్చీలో కూర్చున్నారు. 1956 జనవరిలో సరిహద్దుల విషయమై ఒడిస్సాలోను అల్లర్లు లేచినవి. భాషా సరిహద్దుల వేడి ఆయనను అక్కడకును వెంబడించినది. ఆరోగ్యము క్షీణించుటచే 1956 సెప్టెంబరులో ఆ పదవిని విడిచారు. 1957 మార్చిలో, తన 58వ యేట, కన్ను మూశారు.

రాజపాళయములోని తన ఇంటిని ఆయన గాంధీ కలై మన్రమునకు దానముగా ఇచ్చారు. తల్లి లేక, తండ్రి లేక, నాయనమ్మ చేతిలో పెరిగిన పిల్లవానికి ఇల్లు అనగా ఏమిటో మనము ఊహించుకొనవచ్చును. ఆ ఇల్లు ఊరి వారి పుస్తకములకు, కళలకు, కూటములకు చోటైనది. జిల్లాల పేర్లు మారినవి, ఆయన పార్టీ ఆ రాష్ట్రములో 1967లో అధికారము కోల్పోయినది, కాని ఆ దానము మాత్రము ఆయన పేరును ఊరిలో నిలిపినది.

మనము గ్రహించవలసినది

మనవారిలో రెండు రకముల తలంపులు ఉన్నవి. ఇది మన ఊరు కాదు, మనము వచ్చినవారము, ఊరి పనులలో తలదూర్చనేల అని కొందరు. పిల్లలకు తెలుగు నేర్పి ప్రయోజనమేమి, తమిళములో కలిసిపోవుటే మంచిది అని మరికొందరు. కుమారస్వామి రాజా గారు ఈ రెండింటిలో ఏ ఒక్కటి పట్టుకొనలేదు. ఇంట తెలుగును విడువలేదు. వీధిలో తమిళుల కష్టమును తన కష్టముగా మోసారు. పేరులో పూసపాటిని దాచుకొనలేదు. ఆ పేరు వలన ఆయన ఎవరికిని పరాయివాడు కాలేదు.

ఆయన చేసినవన్నియు సరియని మేము చెప్పుటలేదు. సేలము జైలు సంగతి ఆయన కథలో ఎప్పుడును ఉండును. కూలివానికి భూమి దక్కలేదన్నదియు ఉండును. అయినను పదవి ఉన్నప్పుడు ఇల్లు కట్టుకొనువారు అనేకులున్న లోకములో, ఉన్న ఇంటినే ఇచ్చి వెళ్లిన మనిషిని మన పిల్లలు ఎరిగి ఉండుట మంచిది. ఈ వేసవి సెలవులలో మన యువజనులు రాజపాళయము వైపు వెళ్లిన యెడల గాంధీ కలై మన్రము ఎక్కడని అడగండి. పెద్దలు వారి వెంట వెళ్లి, ఈ కథను తెలుగులో చెప్పండి. వారు తమిళములో ప్రశ్నలు అడిగిన యెడల తమిళములోనే జవాబు చెప్పండి. రెండు భాషలును మన ఇంటివే.